ఏ గూట్లో ఏ కరెంటు?

సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున్నే పిల్లాణ్ణి బడికి దింపుదామని సెల్లార్‌లోకి వెళ్లి రిమోట్ నొక్కితే కారు పలకలేదు. మళ్లీ నొక్కాను, ఊహూఁ. తాళంచెవి తలుపుకు పెట్టి తిప్పితే ఎలాగో తెరుచుకుంది కానీ లోపల దీపం వెలగలేదు. ఇగ్నిషన్ తిప్పితే బానెట్ కింద ఎక్కడో 'టిక్' మని ఒక్క చప్పుడు. సెల్ఫ్ తీసుకోలేదు. కొని ఏడాదిన్నర కూడా కాని బ్యాటరీ.

వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాడు. "మీ కారు అద్దం కాడ చిన్న లైటు రాత్రిళ్లు కూడా ఎలుగుతానే ఉంది సార్. నిన్నటి సంది ఆరిపోయింది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. పండక్కి పది రోజుల ముందు ఓ యాక్సెసరీస్ షాపులో డాష్‌క్యామ్ పెట్టించాను. కుర్రాడు చురుకైనవాడు. ఇరవై నిమిషాల్లో ఒక్క తీగ కూడా బయటికి కనపడకుండా పని ముగించాడు. కరెంటు ఎక్కణ్ణుంచి తీశావు తమ్ముడూ అని నేనడగలేదు, అతను చెప్పలేదు. తీసిందేమో కారు ఆపినా ఆగని కరెంటు. ఆ కెమెరా పన్నెండు వోల్టుల మీద సుమారు 0.3 ఆంపియర్లు తాగుతుంది. గంటలకు లెక్కేస్తే రోజుకు 7.2, నాలుగు రోజులకు దాదాపు 29 ఆంపియర్-గంటలు. నా బ్యాటరీ మొత్తం సత్తా 35. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను దగ్గరుండి ఇంట్లో పెట్టించుకున్నది నేనే.

మన దగ్గర కారు కొనడంలోనే ఈ కథకు బీజం ఉంది. పై మోడల్‌కు లక్షలు ఎక్కువని కింది మోడల్ తీసుకుంటాం. "మిగతావన్నీ బయట వేయించుకుందాం, సగం రేటుకే అవుతాయి" అని బావమరిదో ఆఫీసులో సీనియరో భరోసా ఇస్తారు. స్క్రీను, వెనక కెమెరా, ఫాగ్ ల్యాంపులు, కాళ్ల దగ్గర నీలం వెలుగు, ఫోను చార్జరు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ప్రతిదాని వెనకా ఓ ఎర్ర తీగ, ఓ నల్ల తీగ. నల్లదాన్ని బాడీకి ఎర్త్ చేస్తారు, దానితో పెద్ద పేచీ లేదు. ఎర్ర తీగ ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న. సీటు రంగు గురించి అరగంట బేరమాడే మనం ఆ మాట మాత్రం అడగం.

నిద్రపోయే కరెంటు, నిద్రపోనిది

కారులో కరెంటు ఒకటే అనుకుంటాం. నిజానికి తాళంచెవి నాలుగు మెట్లు ఎక్కుతుంది: ఆఫ్, ఏసీసీ, ఆన్, స్టార్ట్. అన్నీ ఆపినా కొన్ని తీగల్లో బ్యాటరీ కరెంటు ఉంటూనే ఉంటుంది. హజార్డ్ లైట్లు, తలుపుల లాకు, గడియారం, లోపలి దీపం దాని మీద బతుకుతాయి. ఏసీసీలో పెడితే పాటలు, చార్జింగ్ సాకెట్ మేలుకుంటాయి. ఆన్‌కు తిప్పితే ఇంజిను కంప్యూటరు, వైపర్లు, ఏసీ బ్లోయరు లేస్తాయి. స్టార్ట్ చేసే ఆ ఒక్క క్షణం చాలా కార్లలో ఏసీసీ కరెంటు ఆగిపోతుంది, ఉన్న బలమంతా సెల్ఫ్ మోటారుకే పోవాలి కనుక. సెల్ఫ్ కొట్టగానే పాట ఒక్కసారి తెగి మళ్లీ మొదలయ్యేది అందుకే.

జర్మన్ ప్రమాణం ఒకటుంది, డిఐఎన్ 72552 అని. కారులోని తీగల కొసలకు అందులో నంబర్లిచ్చారు. ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు 30. ఇగ్నిషన్ తిప్పితే వచ్చేది 15. ఎర్త్ 31. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ దుకాణంలోనైనా ఓ రిలే (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కొని అడుగున చూడండి, కాళ్ల పక్కన 30, 85, 86, 87 అని ఉంటుంది. అదీ ఆ పట్టికలోదే. అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు కానీ, మెకానిక్‌తో "ముప్పై నుంచి తీశావా, పదిహేను నుంచా" అని ఒక్కసారి అని చూడండి. అతను మీ వంక చూసే చూపు మారిపోతుంది.

పాత కార్లలో ఇంత తికమక లేదు. మోరిస్ మైనర్‌లో లూకాస్ కంపెనీ పెట్టెలో రెండే రెండు గాజు ఫ్యూజులు ఉండేవి. నాలుగు కొసలకు ఏ1, ఏ2, ఏ3, ఏ4 అని పేర్లు. ఏ2 దగ్గర తీసుకుంటే ఎప్పుడూ ఉండే కరెంటు, ఏ4 దగ్గర తీసుకుంటే తాళంతో వచ్చి తాళంతో పోయేది. రేడియో కొన్నవాడు ఏ4కు స్క్రూ బిగించి హాయిగా ఇంటికెళ్లేవాడు. ఇప్పుడు చిన్న కారులో కూడా ఫ్యూజుల లెక్క పదుల్లోకి పోయింది. స్టీరింగ్ కింద కుడి మోకాలి దగ్గర ఒక పెట్టె, బానెట్ కింద బ్యాటరీ పక్కన ఇంకో పెట్టె. మూత వెనకాల బొమ్మ ఉంటుంది, చదవడానికి భూతద్దం కావాలి.

ఫ్యూజు ఎవరికి కాపలా?

ప్లాస్టిక్ ఒంటికి రెండు లోహపు కాళ్లుండే ఈ ఫ్యూజు రూపం 1976లో అమెరికాలోని లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ నుంచి వచ్చింది. రంగు చూసి బలం చెప్పొచ్చు. లేత గోధుమ రంగు 5 ఆంపియర్లు, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగు లేనిది 25, ఆకుపచ్చ 30. రంగు ఒకటే అయినా సైజులు వేరు. మామూలుది, మినీ, పొట్టి మినీ, మైక్రో అని రకాలున్నాయి. ఒక సైజు గూట్లో ఇంకో సైజు సాధారణంగా కూర్చోదు. (మెకానిక్కులు స్లాట్ అంటారు. వరసగా పావురాల గూళ్లలా ఉంటాయి కనుక నాకు గూడు అనే నోటికొస్తుంది.)

ఫ్యూజు ఉన్నది తీగ కోసం. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా వ్యవహారమంతా దానంతటదే విడిపోతుంది. కెమెరా పాడైతే కెమెరా పోతుంది, అంతే. తీగ ఎక్కడో రాసుకుని బాడీకి తగిలితే బ్యాటరీ తన దగ్గరున్న కరెంటంతా దాంట్లోకి తోసేస్తుంది. తీగ ఎర్రగా కాలుతుంది. దాని పక్కనే కార్పెట్, స్పాంజి, ప్లాస్టిక్. అలాంటప్పుడు తీగ కన్నా ముందు తెగిపోయే బలహీనమైన లంకె ఒకటి కావాలి. అదే ఫ్యూజు.

పైగా అది మనం అనుకున్నంత చురుకైనది కూడా కాదు. 10 ఆంపియర్ల ఫ్యూజు 11 దగ్గర తెగదు, కనీసం వంద గంటలు ఓర్చుకునేలానే చేస్తారు. 13.5 పోతుంటే తెగడానికి ముప్పాతిక సెకను పట్టొచ్చు, పది నిమిషాలూ పట్టొచ్చు. రెట్టింపు, అంటే 20 ఆంపియర్లు, పోయినప్పుడు ఐదు సెకన్లలోపు తెగుతుంది. కాబట్టి 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు ఉన్న చోటి నుంచి వెంట్రుకంత తీగ లాగి కెమెరాకు ఇస్తే, ఆ తీగకు కాపలా లేనట్టే. పసుపు ఫ్యూజు తేరుకునేసరికి సన్న తీగ పని అయిపోయి ఉంటుంది.

ఇళ్లల్లో తెల్ల పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ రెండు పోగులు మెలేసి కట్టేవాళ్లం. ఇక ఫ్యూజు పోయేది కాదు, స్విచ్‌బోర్డు పోయేది. కార్లలోనూ ఆ వారసత్వం నడుస్తోంది. నీలం తెగితే ఆకుపచ్చ పెట్టడం, తెగిన ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి దూర్చడం. దారి మధ్యలో గండం గడవడానికి అన్నట్టు మొదలవుతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

గూడు వెతకడం

కోఠిలో ఓ మామూలు డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. తర్వాతి ఆదివారం పొద్దున కారు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "షాపువాడికిచ్చిన డబ్బులు చాలవా?" అంది.

పని నిజంగా చిన్నదే. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాలి. నల్ల కొసను రంగు లేని బోల్టు మీద ఆనించాలి. రంగు మీద ఆనిస్తే మీటరు అబద్ధం చెబుతుంది. ప్రతి ఫ్యూజు నెత్తిన రెండు చిన్న రంధ్రాల్లో లోహం కనపడుతుంది, ఎర్ర కొసను అక్కడ తాకిస్తే చాలు, ఫ్యూజు పీకనక్కర్లేదు. కారు ఆపి తాళం తీసేశాక 12 చూపించినవన్నీ నిద్రపోని గూళ్లు. ఏసీసీలో పెట్టాక కొత్తగా మేలుకున్నవి కొన్ని. ఆన్ చేశాక ఇంకొన్ని. కాగితం మీద మూడు వరసలు రాసుకుంటూ పోవడమే.

నేను మొదట పప్పులో కాలేసింది ఇక్కడే. తలుపు తెరిచి ఉంచి కొలిచాను. ఇప్పటి కార్లు తలుపు తీయగానే ఒళ్లు విరుచుకుంటాయి, లోపలి కంప్యూటర్లు కళ్లు తెరుస్తాయి. తాళం తీసేసినా కొన్ని గూళ్లలో కరెంటు కొన్ని నిమిషాలు ఉండి, తర్వాత మెల్లగా పోతుంది. అద్దాలు దించుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చేది ఆ ఏర్పాటే. అలాంటి గూటిని మొదటి నిమిషంలో కొలిస్తే ఎప్పుడూ ఉండే కరెంటని రాసుకుంటాం, అరగంట తర్వాత కొలిస్తే చచ్చి ఉంటుంది. కాబట్టి తలుపు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసి, కారు తలుపు పడిందనుకునేలా చేసి, కాఫీ తాగి వచ్చి మళ్లీ కొలవాలి. తాళంచెవిని కూడా దూరంగా ఇంట్లో పెట్టాలి, లేకపోతే బటన్ స్టార్ట్ కారు దాన్ని పసిగట్టి మేలుకునే ఉంటుంది.

హ్యుండాయ్ కార్లు కొన్నింటిలో ఫ్యూజు పెట్టెలోనే ఓ చిన్న స్విచ్ ఉంటుంది. కారు ఎక్కువ రోజులు వాడకుండా ఉంచినప్పుడు బ్యాటరీ కరగకుండా కొన్ని సర్క్యూట్లను ఆపేందుకది. తెలియక దాన్ని జరిపేస్తే గడియారం, పాటల సెట్టింగులు మొదటికొస్తాయి. ఏదో కాలిపోయిందని బెంబేలెత్తి సర్వీస్ సెంటరుకు పరిగెత్తకండి, వెనక్కి జరిపితే చాలు.

ఖాళీ గూళ్లు భలే ఊరిస్తాయి. పై మోడల్లో సీటు వేడి చేసే ఏర్పాటుకో ఇంకో దానికో ఉంచినవి, కింది మోడల్లో వట్టిగా పడి ఉంటాయి. కొన్నింటిలో ఒక వైపు కరెంటు వచ్చి ఆగి ఉంటుంది, రెండో వైపు తీగే ఉండదు. అలాంటిది దొరికితే అదృష్టం. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోకుండా మన తీగను అక్కడ కూర్చోబెట్టొచ్చు. కొన్నింటిలో లోపల లోహమే ఉండదు, వట్టి ప్లాస్టిక్ గుంట. మీటరు పెడితే కానీ తెలియదు.

రెండంతస్తుల ఫ్యూజు

గూడు దొరికాక తీగ ఎలా తగిలించాలి? షాపుల్లో ఎక్కువగా చేసేది, ఫ్యూజు పీకి దాని కాలికి ఒలిచిన తీగ చుట్టి మళ్లీ దూర్చడం. పని చేస్తుంది. అదే చిక్కు. గూటిలోని లోహపు పెదవులు ఫ్యూజు కాలిని గట్టిగా పట్టుకునేలా చేసినవి. మధ్యలో తీగ దూరితే అవి విచ్చుకుంటాయి, పట్టు సడలుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి గూటి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పైగా ఆ తీగకు సొంత ఫ్యూజు లేదు.

దీనికి చవకైన విరుగుడుంది, ఫ్యూజ్ ట్యాప్ అంటారు. ఫ్యూజు పీకేసి దాని స్థానంలో దీన్ని గుచ్చుతారు. దీనికి రెండంతస్తులు. కింది అంతస్తులో పీకిన పాత ఫ్యూజు, పై అంతస్తులో మన కొత్త వస్తువు ఫ్యూజు. పక్కనుంచి తీగ బయటికొస్తుంది. కెమెరాకైతే 2 లేదా 3 ఆంపియర్లది పెడితే చాలు.

దీన్ని ఏ వైపు తిప్పి గుచ్చాలన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. ఫ్యూజు గూటికి రెండు చీలికలు. ఒకదాంట్లో బ్యాటరీ నుంచి కరెంటు వచ్చి నిలబడుతుంది, రెండోదాంట్లోంచి వస్తువుకు పోతుంది. ఫ్యూజు పీకి మీటరు పెడితే 12 చూపించేది వచ్చే వైపు. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు ఆ వచ్చే వైపు పడాలి. అప్పుడే కరెంటు లోపలికొచ్చి రెండు దారులుగా చీలి, ఒక్కో దారికి ఒక్కో ఫ్యూజు కాపలా ఉంటుంది. తిప్పి గుచ్చినా కెమెరా వెలుగుతుంది కానీ, దాని కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, పాత ఫ్యూజు నెత్తిన అదనపు బరువు పడుతుంది. కెమెరాకు అదొక లెక్క కాదు. అదే పెద్ద వస్తువైతే పాత ఫ్యూజు అకారణంగా తెగుతుంటుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు.

పార్కింగ్‌లో కూడా కాపలా కాసే కెమెరాలకు మూడు తీగల కిట్టు వస్తుంది. పసుపు ఎప్పుడూ ఉండే కరెంటుకు, ఎరుపు తాళంతో వచ్చేదానికి, నలుపు ఎర్త్‌కు. ఎరుపులో కరెంటు పోగానే బండి ఆగిందని కెమెరాకు తెలుస్తుంది, పొదుపు పద్ధతిలోకి వెళుతుంది. మంచి కిట్టు అయితే బ్యాటరీ 12 వోల్టులకో 11.8కో దిగగానే తనంతట తానే తెంచుకుంటుంది. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 చూపిస్తుంది, ఇంజిను నడుస్తుంటే 14 చుట్టూ ఉంటుంది. ఈ మూడంకెలు గుర్తుంటే బ్యాటరీ నాడి పట్టుకోవచ్చు. కొందరు కుర్రాళ్లు ఓపిక లేక ఎరుపూ పసుపూ కలిపి మెలేసి ఒకే గూటికి ఇస్తారు. ఇక కెమెరా దృష్టిలో మీ కారు రాత్రింబవళ్లు పరిగెడుతూనే ఉంటుంది. నాకు పెట్టిందైతే ఆ మాత్రం కూడా కాదు, రెండు తీగల చవక కిట్టు, తెంచుకోవడం దానికి తెలియదు.

నా అభిప్రాయమేమిటంటే, అపార్టుమెంటు సెల్లార్‌లో ఉండే కారుకు పార్కింగ్ కాపలా దండగ. పనిమనుషులు, పాలవాళ్లు, పిల్లల క్రికెట్, ఇవన్నీ కదలికలే. కెమెరా అందరినీ దొంగలనుకుని తీస్తూనే ఉంటుంది.

ముట్టకూడని గూళ్లు

పెట్టెలో కొన్ని ఫ్యూజుల జోలికి వెళ్లకూడదు. ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్, ఇంజిను కంప్యూటరు, పెట్రోలు పంపు, పవర్ స్టీరింగ్. మీ ట్యాప్ వదులై గూట్లో కదిలితే కెమెరా ఒక్కటే ఆరదు, హైవే మీద ఇంజినూ ఆరుతుంది. అద్దం పక్క స్తంభం తొడుగు వెనక తీగ దూర్చేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడాలి, ఉంటే తీగ దాని వెనకగా పోవాలి. ముందు నుంచి పోతే, అది విచ్చుకునేటప్పుడు తీగ అడ్డం పడుతుంది. పసుపు రంగు కప్లర్ కనపడితే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌దే, చెయ్యి వెనక్కి తీసుకోవడమే మర్యాద.

చార్జింగ్ సాకెట్ గూడు చిన్న వస్తువులకు మంచి ఇల్లు. చాలా కార్లలో తాళంతో వచ్చి తాళంతో పోతుంది, పోయినా ప్రాణం మీదికి రాదు.

పెద్ద వస్తువులకు మాత్రం ఈ గూళ్లు చాలవు. లెక్క చాలా చిన్నది, వాట్లను పన్నెండుతో భాగిస్తే ఆంపియర్లు. కాళ్ల దగ్గర వెలుగు 5 వాట్లు, అర ఆంపియరు కూడా లేదు. 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు, 110 వాట్లు, తొమ్మిది ఆంపియర్లు పైనే. వీటికి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ, ఆ తీగ మొదట్లోనే ఫ్యూజు, మధ్యలో రిలే ఉండాలి. డాష్‌బోర్డు స్విచ్ రిలేకు సైగ మాత్రమే చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. పాటల యాంప్లిఫయరుకూ ఇదే దారి. ఫ్యూజును బ్యాటరీకి జానెడు, మహా అయితే మూరెడు దూరంలో పెట్టాలి. డిక్కీలో యాంప్లిఫయరు పక్కన పెడితే, బానెట్ నుంచి డిక్కీ దాకా తీగకు కాపలా ఎవరు?

హెడ్‌లైట్లలో 60/55 వాట్ల బల్బులు తీసి 100/90 వేయించే సరదా మనవాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. తీగ పాతది, బల్బు కొత్తది. కప్లర్ కరిగి హోల్డర్‌కు అంటుకుపోయిన దృశ్యం ఏ ఆటో ఎలక్ట్రీషియన్ని అడిగినా చెబుతాడు. ఎదుటివాడి కళ్లు పోవడం వేరే సంగతి. రకరకాల రాగాలు తీసే హారన్లనైతే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధనే వద్దంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేసే ఓ పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చున్నాను. పెద్ద లారీల్లో 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరసగా కట్టి ఉంటాయి. కారు చార్జరు, కారు ఎల్ఈడీ పట్టీ తెచ్చి లారీకి తగిలించమనే డ్రైవర్లు వారానికొకరు వస్తారట. "తగిలిస్తే రెండు నిమిషాలు బ్రహ్మాండంగా ఎలుగుద్దండి, ఆనక పొగొస్తది" అన్నాడు. రెండింటిలో ఒక్క బ్యాటరీ నుంచే 12 లాగే వాళ్లూ ఉన్నారట. ఒకటి అరిగిపోతూ, రెండోది పొంగిపోతూ, జత చెడుతుంది. 24ను 12గా దించే కన్వర్టరు పెట్టడమే సరైన దారి. ఎలక్ట్రిక్ కార్ల గురించి అడిగితే నవ్వాడు. వాటిలోనూ దీపాలకు, హారనుకు వేరే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. ఫ్యూజు పెట్టె ఆటంతా దాని మీదే. నారింజ రంగు తొడుగు తీగలు మాత్రం వందల వోల్టులవి. "ఆ రంగు మాకొద్దండి బాబూ" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

సాకెట్‌కు పక్కనే పెట్టుకునే వస్తువుకు ఈ శ్రమంతా అవసరమా అని మీరు అడగొచ్చు. అవసరం లేదు. ఫోను చార్జరుకు సాకెట్ ఉండగా డాష్‌బోర్డు విప్పడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడడమే. టోల్‌గేటు దగ్గర పని చేసే ఫాస్టాగ్‌కైతే తీగా లేదు, బ్యాటరీ లేదు. గేటు మీదున్న రీడరు పంపే తరంగాల్లోంచే దానికి కావలసిన పిసరంత శక్తి తీసుకుని జవాబిస్తుంది. అన్ని యాక్సెసరీలూ అలాగే ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి నా పని అయింది. కుర్రాడు చుట్టిన తీగ తీసేశాను. సాకెట్ గూట్లో ట్యాప్ గుచ్చి, మీటరుతో వైపు సరిచూసి, 2 ఆంపియర్ల బూడిదరంగు ఫ్యూజు పెట్టాను. మిగిలిన తీగకు గుడ్డ టేపు చుట్టి పాత తీగల కట్టకు బిగించాను. వేలాడే తీగంటే సెల్లార్ ఎలుకలకు ఊయల కదా. తాళం తీయగానే కెమెరా కన్ను మూసింది. మూత పెట్టేముందు లోపలి వైపు తెల్ల స్టిక్కరంటించి బాల్‌పెన్నుతో రాశాను: "కెమెరా ఇక్కడే. 2 ఆంపియర్లు. తాళంతో పోతుంది." రేపు ఈ కారు ఎవరి చేతికి పోయినా వాళ్లు అడగకుండానే తెలుస్తుంది.